హాలంతా ఒకే ఊపిరి

ఆ యోగా క్లాసుకు నన్ను తీసుకెళ్లింది మా ఆడపడుచు. విజయనగరంలో కోటకు దగ్గర్లోనే ఒక మేడ మీది హాలు. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. "ఊపిరితోటే ఆసనాలు సేయిస్తారు వదినా. నీకు మంచిది," అంది. అప్పటికే ఆమె చాలాకాలంగా అక్కడ నేర్చుకుంటోంది.

గురువుగారిది తరతరాలుగా సంగీతం చెప్పిన కుటుంబం. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని "ఏకం, ద్వే" అంటూ అంకెలు పలికేవారు. ఏకం అంటే ఊపిరి తీస్తూ చేతులు పైకెత్తాలి, ద్వే అంటే వదులుతూ కిందికి వంగాలి. గొంతు కాస్త బిగించి అందరం ఒక్కసారే శ్వాస తీస్తుంటే హాలంతా ఒకటే హోరు. అందులో ఎవరి ఊపిరి తప్పినా ఆయన కళ్లు తెరవకుండానే పట్టేసేవారు.

"కిటికీ పక్కనున్నామె, ఆ రొప్పుడేటి? గేదె నీళ్లు తాగతన్నట్టున్నాది," అన్నారొకసారి. ఆమె కాస్త లావుగా ఉండేది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో అందరి ఊపిరీ తప్పినా దాని గురించి మాత్రం ఆయనేమీ అనలేదు. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది. ఆ చోటు నాకిచ్చారు.

అయినా ఆ సాధన నాకు నచ్చింది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో మెట్లెక్కి వచ్చి, ఆయాసం లేకుండా వెంటనే పాఠం మొదలుపెట్టగలిగేదాన్ని. అందుకే ఆయన మాటలు భరించాను.

ఒకరోజు నా చాప పక్కనున్న ఇన్‌హేలర్ ఆయన కంటపడింది.

"ఇది పక్కనుంటే నీ ఊపిరి దీన్నే నమ్ముకుంటాది," అంటూ తీసుకెళ్లి తన బల్ల మీద పెట్టుకున్నారు. మా ఆడపడుచు వైపు చూశాను. పర్వాలేదన్నట్టు తలూపింది. ఆ తర్వాత రోజూ అదే పద్ధతి, క్లాసు ముగిశాకే తిరిగిచ్చేవారు.

చలికాలంలో ఒక పొద్దున, కాళ్లు చాపి ముందుకు వంగి పాదాలు పట్టుకుని ఉండగా ఛాతీ బిగుసుకుపోయింది. పిల్లికూతలు మొదలయ్యాయి. పిలుద్దామంటే మాట పెగల్లేదు. పక్కనే ఉన్న ఆడపడుచు మోకాలు తట్టాను. ఆమె కాలు అవతలికి జరుపుకుంది. చాపల మధ్య నుంచి పాక్కుంటూ బల్ల దాకా వెళ్లాను. ఒక్కరూ తల తిప్పలేదు. నాకు ఊపిరి అందని ఆ కాసేపూ నా చుట్టూ అందరూ హాయిగా, ఒకే తీరున ఊపిరి తీస్తూనే ఉన్నారు. ఆయన అంకెలు పలుకుతూనే ఉన్నారు.

మందు పీల్చి గోడవార కూర్చున్నాను. క్లాసు ముగిశాక అడిగాను.

"నా ఆయాసం మీకు వినపడలేదాండీ?"

"నీకంటే ముందు నాకే వినపడింది. ఎంతసేపు ఓర్సుకుంటావో సూద్దామనుకున్నాను. ఓర్సుకోలేకపోయావు." కోపంగా కూడా అనలేదు. ఆ తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగి, "మీరెవరూ కదల్లేదు. అదీ సాధనంటే," అన్నారు. మెచ్చుకోలుకు వాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. మా ఆడపడుచు మొహం కూడా.

ఆటోలో ఆమెను అడిగాను. "నేను చచ్చిపోతానేమో అనిపించలేదా నీకు?"

"అనిపించింది వదినా. గానీ మద్దెలో లెగిస్తే సారుకి కోపమొస్తాది కదా," అని, "నువ్వు మరీ నలుగురిలో అలా పాకకుండా ఉండాల్సింది," అంది.

నేను మళ్లీ వెళ్లలేదు. ఆమె ఇప్పుడు శ్రీకాకుళంలో సొంతంగా క్లాసు పెట్టింది. మంచి పేరుందని మా ఆయన గొప్పగా చెబుతారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు పక్కన కూర్చుని భోంచేస్తాం. ఆ రోజు సంగతి ఇద్దరం ఎత్తం.

సాధన మాత్రం నేను వదల్లేదు. పొద్దున్నే మా ఇంటి ముందుగదిలో నెమ్మదిగా చేసుకుంటాను. ఒక్కోసారి చేతులెత్తగానే "ఏకం" అన్న ఆయన గొంతు వినిపించి, ఉబ్బసం రాకపోయినా ఛాతీ పట్టేస్తుంది. చేతులు దించేసి, అది వదిలేదాకా నిలబడతాను.