కెప్టెన్‌కి చివరి ముద్ద

మా అమ్మాయికి చిన్నప్పుడు అన్నం తినిపించడానికి నేనే ఒక కథ అల్లాను. విక్టోరియా రాణి కాలం నాటి కెప్టెన్ ఒకడు ఆవిరి ఓడలో చంద్రుడి మీదికి వెళ్తాడు. ముద్దకో సాహసం. ఒక గోతిలో పడతాడు, ఒక కొండెక్కి రాణిగారి జెండా పాతుతాడు. చివరి పెరుగు ముద్ద పిల్ల నోట్లో పడితేనే బాయిలర్ రాజుకుని ఓడ ఇంటికి బయల్దేరుతుంది.

ఇప్పుడు ఆ పిల్ల యూనివర్సిటీకి వెళ్తోంది. మొన్న మేముండే క్వేకర్స్ హిల్‌లో, మా వంటింట్లో, సగం అన్నం వదిలేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. పెరుగన్నం కలిపి, ముద్ద దాని నోటి దగ్గర పెట్టాను.

"తినవే. కెప్టెన్ ఇంకా చంద్రుడి మీదే ఉన్నాడు."

అది ఫోన్ మీంచి చూపు తిప్పలేదు. "లీవ్ హిమ్ దేర్, అమ్మా."

ఆ ముద్ద నేనే తిన్నాను. ఓడ కదల్లేదు.