మోపెడ్ పిలిస్తే పలికిన మోటరు

తల మీద చెయ్యి పెట్టుకొని ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. అరచేతంత సర్క్యూట్ బోర్డుతో ఒక మిరప చేనును, ఒక బోరు మోటరును, నా పరువును ఒక్క వారంలో ఎలా ముంచబోయానో వినండి.

పల్లెల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. గద్వాలలో నాది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపించే పెట్టె ఒకటి సొంతంగా తయారుచేసి, మానవపాడు దగ్గర రైతు బుడ్డన్న చేనులో బిగించాను.

అందులో బోర్డుకు రెండు వైపులా రాగి పొర. కావలసిన గీతలు ఉంచి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్ళలో కరిగించాలి. నేనేమో పిసినారిని. కరిగించకపోతే మందు మిగులుతుంది, బోర్డూ పెళ్ళికూతురిలా మెరుస్తుంది! కాకపోతే అలా వదిలిన రాగిని సర్క్యూటుకు ఎర్తులాంటి గ్రౌండు గీతకు కలపాలి, బోర్డుకు రంధ్రాలు పొడిచి రెండు వైపులనూ తీగముక్కలతో అతకాలి. చేతి డ్రిల్లుతో నలభై రంధ్రాలు ఎవడు పొడుస్తాడు? వదిలేశాను.

మూడో రోజు బుడ్డన్న ఫోను. మోటరు పొద్దున్నుంచి పదిసార్లు లేచి పదిసార్లు పడుకుందట. ఇలాగే ఆడితే కాలిపోతుంది. కాలితే కొత్త తీగ చుట్టించి తెచ్చేలోగా వారం కిందటే నాటిన మిరప నారు మాడిపోతుంది. అతితెలివి గద్వాలలో బస్సెక్కితే అగచాట్లు మానవపాడులో దిగుతాయి. దిగాను.

బుడ్డన్న కట్టె పట్టుకొని స్టార్టరు ముందు కాపలా కూర్చున్నాడు.

“ఏం పెట్టె పెట్టినవ్ తమ్మీ? పసిపోరని లెక్క ఉలిక్కిపడి లేస్తుంది.”

“జర ఓపిక పట్టన్నా. దీన్ని దారికి తేకుంటె గద్వాల బస్సెక్క.”

“ఎట్ల ఎక్కుతవ్? మోటరు గాలితే బిందె నీ నెత్తిన పెట్టి చేనంత పారిపిస్త.”

రిలే మార్చాను, తీగలు మార్చాను, ఎర్తు గుంటలో ఉప్పు పోసి నీళ్ళు పోశాను. పెట్టెను ‘ఆపు’లో ఉంచినా మోటరు మళ్ళీ లేచింది. అప్పుడే గట్టు మీదుగా పాలాయన మోపెడ్ పోతోంది. ఆయన్ను ఆపి, బతిమాలి, అటూ ఇటూ తిప్పించాం. బండి దగ్గరికొచ్చిన ప్రతిసారీ మోటరు లేచి దండం పెడుతోంది.

“మీ పరీక్షలేమో గని నా పాలు ఇరుగుతయి. జర ఇడిసిపెట్టుండ్రి,” అన్నాడాయన.

వెంటనే నా మేధస్సు మేల్కొంది. పనీపాటా లేక అరుగు మీద కూర్చున్న మనిషి, దారిన పోయే ప్రతి మాటనూ పట్టి ఇంట్లో వేసి కొంప అంటిస్తాడు. ఎవరికీ అంటకుండా కూర్చున్న నా రాగి కూడా మోపెడ్ ఇంజనులోని నిప్పురవ్వలు పుట్టించే, రేడియోలో గరగరమనే చప్పుడును పట్టి సర్క్యూటులో వేస్తోంది. అక్కడే గట్టు మీద కూర్చొని నలభై రంధ్రాలూ పొడిచాను, తీగముక్కలు అతికాను, రాగి మొత్తాన్నీ గ్రౌండుకు కలిపాను. పాలు పోసి తిరిగొచ్చిన పాలాయనను మళ్ళీ ఐదు చుట్లు తిప్పినా మోటరు ఉలకలేదు, పలకలేదు. ‘ఆపు’ తీశాక ఆగకుండా నడిచి, చివరి సాలుదాకా నీళ్ళు పారించింది. బుడ్డన్న కట్టె కింద పెట్టాడు.

రాగి సాక్షిగా శపథం చేస్తున్నాను. గోరంత రాగినైనా గ్రౌండుకు ముట్టించకుండా జన్మలో బోర్డు మీద ఉండనివ్వను.

ఇక ఒక్క సవరణ. మేల్కొన్న మేధస్సు నాది కాదు. ఆ ముక్క కల్పన. విప్పిన బోర్డును బుడ్డన్న భార్య ఈరమ్మ చేతిలోకి తీసుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, “గింత రాగి ఏ తీగకు ముట్టకుంట ఊకె కూసుంది. దీనికేం పని తమ్మీ?” అని అడిగింది.

“అందానికి వదినా,” అన్నాను.