మెడ లైన్ కోసం నేను చెప్పిన ఎత్తు

ఆ పొద్దున నా భార్య రమణమ్మ బియ్యం కడుగుతూ గిన్నె జారవిడిచింది. ఎండలో కూర్చోబెట్టినా వణుకు తగ్గలేదు. "ఒంటికి పోతే మంట. మూడు దినాలాయ, నీకు చెప్పలే" అంది. ఆళ్లగడ్డలో మాత్రలిచ్చారు. మర్నాటికి జ్వరం నూట మూడు, మాట తడబడింది. కారు మాట్లాడుకుని నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను.

బీపీ డెబ్బై బై నలభై. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందనీ, దాన్ని సెప్సిస్ అంటారనీ చెప్పారు.

"సెలైన్‌కు బీపీ లేవడం లేదు. మెడలో పెద్ద సిర గుండా సెంట్రల్ లైన్ వేసి మందు ఎక్కించాలి. పైపు కొన గుండెకు కాస్త పైన ఆగాలి. ఈమె ఎత్తెంత?" అని డాక్టరమ్మ అడిగింది.

నాకు తెలియదు. ఆ మాట చెప్పలేకపోయాను. పాతికేళ్లుగా విగ్రహాల రాళ్ల మీద కొలతలు గీసేవాణ్ణి. ముఖం ఎంతో, దానికి తొమ్మిదింతలు బొమ్మ. రమణమ్మ నుదుటి నుంచి గడ్డం దాకా చెయ్యి చాపి చూశాను. నా జేన ఇరవై రెండు సెంటీమీటర్లు. రెండు వేళ్లు తక్కువ, అంటే పద్దెనిమిది. "నూట అరవై రెండు" అన్నాను. ఆమె కాళ్లు ముడుచుకుని పడుకుంది. చూసి అనుమానించే వీలు లేదు.

ఎత్తులో పదో వంతు లెక్కన, కుడి మెడలో పదహారో సెంటీమీటరు గీత దాకా పైపు దించి కుట్టారు. కాసేపటికే మానిటర్‌లో గుండె లయ తప్పసాగింది. ఎక్స్‌రే తీస్తే పైపు కొన గుండె గదిలోకి దిగి ఉంది.

"ఎత్తు ఎవరు కొలిచినారు?"

నేనే అని, ఎట్లా కొలిచానో చెప్పాను.

"అది దేవుళ్ల కొలతప్పా! మనుషులు అంత పొడుగుండరు" అని డాక్టరమ్మ టేపు తెప్పించి కొలిచింది. నూట నలభై ఏడు. "ఎత్తు లెక్క అంచనాకే. అందుకే ఎక్స్‌రే చూస్తాం. ఎక్కువ పోతే వెనక్కి లాగొచ్చు. తక్కువైతే మళ్లీ లోపలికి తోయకూడదు, దాంతోపాటే క్రిములూ లోపలికి పోతాయి."

రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగారు. మళ్లీ ఎక్స్‌రే. అంతదాకా చేతి సూదిలోంచే మందు కొద్దికొద్దిగా పోయింది. బయట బెంచీ మీద కూర్చున్నాను. రాయి మీద రెండు సెంటీమీటర్లు తప్పితే ఇంకో రాయి తెచ్చుకుంటాం.

కొన సరైన చోట ఉందన్నారు. గుండె లయ కుదిరింది. సాయంత్రానికి బీపీ తొంభై దాటింది. కిడ్నీల దెబ్బ చూపే క్రియాటినిన్ మాత్రం దిగడానికి ఇంకో వారం పట్టింది.

లైన్ తీశాక రమణమ్మకు జరిగింది చెప్పాను.

"ఏందీ, నన్ను అమ్మవారిని చేస్తాండావా? ఇన్నేండ్లు పక్కన నడిస్తి, నీ గడ్డం దాటనని తెలీదా?"

తెలుసు. ఆ రోజు తోచలేదు.

ఇప్పుడు ఆమె వంట తనే చేసుకుంటోంది. నీళ్లు ఎక్కువ తాగుతుంది, మంట అనిపిస్తే ఆ రోజే చెబుతుంది. చదివేవాళ్లకు ఒక్కటే మనవి. ఆసుపత్రిలో అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదనండి. వాళ్ల దగ్గర టేపు ఉంటుంది.