ఎనిమిదో వేలిముద్ర

ఇంకు ప్యాడ్ మూత తీస్తే వచ్చే వాసనకు ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. ఈ పొద్దున పక్క ఊరి లక్ష్మి అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. భర్త రియాద్‌లో పోయాడు, శవం ఇంకా రాలేదు. అర్జీ రాసి, ప్యాడ్ మూత తీశాను. ఖాజా సాబ్ గుర్తొచ్చారు.

ఆయనది కడప. రియాద్ దగ్గరి అల్ ఖర్జ్‌లో మేము గడ్డి మోసిన పాల ఫారంలో టైపిస్టు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. గల్ఫ్ యుద్ధం మొదలైన వారమే మాతో గడ్డి మోసే మల్లేశం షెడ్డులో కూలి చనిపోయాడు. పాస్‌పోర్టులన్నీ తన దగ్గర పెట్టుకున్న యజమాని, మా కఫీల్, దేశం దాటించే ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టలేదు. శవం మార్చురీలోనే ఉండిపోయింది.

"పీనుగకు గూడ ఎగ్జిట్ కావాల్నా సాబ్?" అని అడిగాను.

"కావల్లప్పా. బతికినోనికీ సచ్చినోనికీ అదే కాయితం."

ఒక సాయంత్రం సైరన్ మోగింది. విషవాయువు రాకుండా సందులన్నిటికీ టేపు అంటించిన ఆఫీసు గదిలో సాబ్‌తో కలిపి ఏడుగురం చేరాం. గ్యాసు మాస్కు ఆఫీసువాళ్లకే ఇచ్చారు. సాబ్ మా మొహాలు చూసి తనది డ్రాయర్లో పెట్టేశారు. మా భయం మరిపించడానికేమో, మాటలు మొదలుపెట్టారు.

"ఎనకటి పెద్ద యుద్ధం అయినాంక దేశాలోళ్లంతా కూసోని మనిషికి ఏమేం హక్కులుండాలో రాసినారు. ఒక్కో మాటకు కొట్లాడినారు. ఆఖర్న చేతులెత్తమంటే ఈ దేశం ఎత్తలా. సొంత దేశానికి తిరిగిపోయే హక్కు గూడా దాంట్లో ఉండాది."

"సచ్చినోళ్ల సంగతి రాసిండ్రా?"

ఆయన టైపు మిషన్‌లో కాగితం ఎక్కించారు. "రాయలా. మనం రాద్దాం."

మిషన్ మీద అరబ్బీలో ఒక్క వాక్యం కొట్టి, తెలుగులో చదివారు: చనిపోయినవాడిని ఇంటికి పంపాలి. అందరం చేతులెత్తాం. తర్వాత ఆయనతో సహా వేలిముద్రలు వేశాం.

సైరన్ ఆగాక చూస్తే కాగితం మీద ఎనిమిది ఉన్నాయి. తలుపుకు అంటించిన టేపు ఊడలేదు. సాబ్ ఒక్కొక్కరి వేలూ పోల్చి చూశారు. చివరి ముద్రకు అడ్డంగా ఒక గాటు. కొడవలితో తెగి మల్లేశం బొటనవేలికి అలాంటి గాటే ఉండేదని మాకందరికీ తెలుసు.

మర్నాడు సాబ్ ఆ కాగితం ఇస్తే కఫీల్ ముద్రలు లెక్కపెట్టాడు. గదిలో ఉన్నది ఏడుగురే కదా, ఎనిమిదోది ఎవరిదన్నాడు.

"ఇంటికి పంపమని అడిగేవాడిదే," అన్నారు సాబ్.

కఫీల్ ఆ గాటు వైపు చాలాసేపు చూసి సంతకం పెట్టాడు. మల్లేశం ఇంటికి చేరాడు. సాబ్‌ను మాత్రం ఆ వారమే ఎక్కడో ఉత్తరాన ఉన్న తబూక్ పొలాలకు పంపేశారు. మళ్లీ చూడలేదు, అందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

లక్ష్మి, ఆమె అత్తమామలు వేలిముద్రలు వేశారు. కింద ఇంకొకదానికి చోటు వదిలాను. ఏ అర్జీకైనా అలాగే వదులుతాను. ఇంకు ఆరేదాకా అటు చూడను. నిండితే భయం. ఖాళీగా ఉంటే, పోయినవాడు ఇల్లు చేరడేమోనని ఇంకా భయం.