గుమ్మిలకెల్లి లేచిన గొంతు

మొన్న కరీంనగర్‌ల ఓ కొత్త హోటల్‌కు పోతే, వడ్లు పోసుకునే పాత గుమ్మిని అందానికని తలుపు కాడ నిలవెట్టిండ్రు. వెదురు మీద పేడ అలికిన గా వాసన ముక్కుకు తాకంగనే చిన్నతనం యాదికొచ్చింది. మీ ఇండ్లల్ల గూడ ఉండె గదా దోస్తులూ?

వడ్లు ఒడిసినంక మా గుమ్మి నాదే. లోపట కూసోని దయ్యం గొంతు పెట్టి, వాకిట్లకొచ్చినోళ్లను ఉరికిచ్చేటోన్ని. గసొంటోన్ని పంద్రాగస్టుకు బడిల మాట్లాడుమంటే "సభకు నమస్కారం" అని, గంతటితోనే స్టేజీ దిగి ఉరికొచ్చిన. అప్పటిసంది నా పేరే నమస్కారమైంది.

మల్లొచ్చిన ఏడు గూడ మాట్లాడేటోళ్లల్ల సారు నా పేరే రాసిండు.

"ఏమ్రా నమస్కారం, ఈసారన్న రెండో మాటున్నదా?" అని పోరగాండ్లు ఒకటే నవ్వుడు. ఇగ బడికే పోనని ఏడ్చిన.

అవ్వ అన్నది, "గుమ్మిల గంతగనం మోగే గొంతు, బయటికొస్తే యాడికి పోతదిరా?"

"గుమ్మిల నన్నెవ్వలు చూడరవ్వా!"

"అయితే కనవడకుంటనే షురూ జెయ్."

పంద్రాగస్టు నాడు, స్టేజీ మీద బట్ట కప్పిన బల్ల కింద ముందే దూరిన. సారు పేరు పిలవంగనే గుమ్మి గొంతుతోని "సభకు నమస్కారం" అన్న. పెద్దసారు కుర్చీలకెల్లి ఎగిరి లేచిండు. బడంత నవ్వుడే. గా నవ్వులల్లనే మాట ఆపకుంట బయటికొచ్చి, నిలవడి మొత్తం జెప్పిన. నాకు పేరు పెట్టిన పోరడే అందరికంటె ముందు చప్పట్లు కొట్టిండు.

మొన్న హోటల్ల గూడ గుమ్మిల తలకాయ పెట్టి "సభకు నమస్కారం" అన్న. చాయ్ తెస్తున్న పిలగాడు ట్రే ఇడిసిపెట్టి ఉరికిండు.