బెదిరిన కన్ను

కృత్రిమ కళ్లు చేసే ఆ చిన్న వర్క్‌షాపులో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ అమ్మాయికి ఒకటే దడ. పరాయి దేశంలో చదువు ముగిసింది. యజమాని సంతకం చేసి పనిలో పెట్టుకుంటే ఉండొచ్చు, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఇంటికి వెళ్తే అక్క పక్కన చేరి తెల్లవార్లూ కబుర్లు చెప్పుకోవచ్చు, నిజమే. కానీ అక్కడ కళ్లు డబ్బాల్లో తయారుగా వస్తాయి, కుంచె పట్టే పనే ఉండదు. నేర్చిన విద్య చేతిలోనే ఎండిపోతుందని ఆమె భయం.

"ఈ సెలూన్ ఆయన కన్ను సరిగ్గా వస్తే సంతకం పెడతా," అన్నాడు యజమాని.

ఒక కన్ను పోగొట్టుకున్న ఆ సెలూన్ ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఆయన మంచి కన్ను చూస్తూ రెండోదానికి రంగులు వేయాలి. ఆమె చేతులు ఎంత వణికాయంటే, బల్ల మీది గ్లాసులో నీళ్లకు అలలు లేచాయి. ఇంకాస్త వణికితే అందులో చేపలు కూడా పుట్టేవి. అయినా అచ్చం చూసినట్టే గీసింది.

కన్ను అమర్చి అద్దం ఇస్తే సెలూన్ ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఏంటమ్మా ఇది, దెయ్యాన్ని చూసినట్టు చూస్తోంది?"

యజమాని తల పట్టుకున్నాడు. మనిషి బెదిరితే కంటిపాప పెద్దదవుతుంది. వణికే ఆ కుంచె, ఉన్న ఒక్క కన్నునూ ఎక్కడ పొడుస్తుందోనని సెలూన్ ఆయన బెదిరాడు. ఆమె ఆ బెదురునే శాశ్వతంగా గీసిపెట్టింది.

"కత్తేమో నా చేతిలో, బెదురేమో నా కంట్లో! ఇంక నా కుర్చీలో ఎవడు కూర్చుంటాడు తల్లీ?"

"ఇంకొక్కసారి చూస్తాను. అంతే," అన్నాడు యజమాని.

ఆమె సెలూన్ ఆయన వైపు చూసింది. ఈయన నిమ్మళంగా ఉండేదెప్పుడు?

"బాబాయ్ గారూ, రేపు మీ షాపుకొస్తా. నా జుట్టు కత్తిరిస్తారా?"

"ఎంత?"

"నేను చాలనేదాకా."

మర్నాడు చెవి పక్కన కత్తెర కిచకిచలాడుతుంటే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అద్దంలో ఆయన కన్నే చూసింది. ఈల వేసుకుంటూ పనిచేసే ఆ మనిషి కంటిపాప చిన్నగా, చల్లగా ఉంది. అది మనసుకెక్కేసరికి నడుం దాకా ఉన్న జుట్టు మెడ మీదికొచ్చింది.

కొత్త కన్ను కుదిరింది. యజమాని మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

సాయంత్రం వీడియో కాల్‌లో అక్క కెవ్వుమంది.

"ఒసేయ్, జుట్టేదే?"

"ఉద్యోగం వచ్చిందక్కా!"

అక్క నవ్వబోయి ఆగిపోయింది. "అయితే ఇంక రావన్నమాట."

"ఎందుకు రానూ, వస్తా," అంది చెల్లెలు. ఎప్పుడని అక్క అడుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంది.