కిటికీకి ఆనించిన ఎక్స్‌రే

పటాన్‌చెరు పక్క ఊళ్లో నేను తొమ్మిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ల్యాబ్ అంటే తాళం చెవి పోయిన ఒక బీరువా. పదో తరగతిలో ఎక్స్ కిరణాల పాఠం వచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది. కంటితో చూడనిదాన్ని పిల్లలు ఎన్నాళ్లని బట్టీ కొడతారు? ఆ ఏడు, ఇళ్లలో పాత ఎక్స్‌రేలుంటే పట్టుకురమ్మన్నాను. మా వైపు వాటినెవరూ పారేయరు, గ్రహణం నాడు సూర్యుణ్ణి చూడటానికి పనికొస్తాయని దాస్తారు.

పదకొండు వచ్చాయి. ఒక్కొక్కటీ కిటికీ అద్దానికి ఆనించి చెప్పాను. విరిగిన చెయ్యి, ఎవరో మింగిన పిన్నీసు. ఎముక కిరణాలను ఆపుతుంది, అందుకే తెలుపు. గాలి ఆపదు, అందుకే నలుపు. పిల్లలు ఎగబడి చూస్తుంటే నాకు హుషారెక్కింది.

చివరిది మూడో బెంచీ అమ్మాయి ఇంట్లో అడక్కుండా పెట్టెలోంచి తెచ్చిన వాళ్ల నాన్న ఛాతీ ఎక్స్‌రే. ఆయన పాశమైలారంలో రాయిని పిండి చేసే కంపెనీలో కాంట్రాక్టు కూలీ. తరగతిలో సగంమంది తండ్రులు పనిచేసేదీ అక్కడే.

"సార్, ఊపిరితిత్తులల్ల గాలే కద ఉండేది. మరి గీడ తెల్లగ ఎందుకున్నది?" అనడిగింది.

అన్నేళ్లలో అంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. గాలి ఉండాల్సిన చోట దుమ్ము పేరుకుంటే ఊపిరితిత్తి గట్టిపడి ఇలా మచ్చలు పడతాయని, వేలు పెట్టి ఒక్కో మచ్చా చూపించాను. ఆ పిల్ల ముఖం చూశాక గానీ నా నోరు ఆగలేదు.

సాయంత్రానికి ఆ మాట పిల్లలతోపాటు ఇళ్లకు చేరింది, మర్నాటికి సూపర్‌వైజర్ చెవిన పడింది. జబ్బు బయటపడినవాడు రేపు నష్టపరిహారం అడుగుతాడని కాంట్రాక్టరుకు భయం, ముందే పనిలోంచి తీసేస్తాడు. అందుకే కూలీలు ఎక్స్‌రే సంగతి పొక్కనిచ్చేవారు కాదు. వారం తిరక్కుండానే అమ్మాయి వాళ్ల నాన్నను తీసేశారు. అమ్మాయి బడి మానేసింది.

వాళ్లింటికి వెళ్లాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తప్పయిపోయిందన్నాను.

"మీరేం జేసిన్రు సార్. అబద్ధం చెప్పిన్రా?" అన్నాడు.

చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేదనిపించింది. పిల్లను పరీక్షలకైనా పంపమని బతిమాలాను. గొడవ చేయకుండా ఉంటే ఇంట్లో ఒకరికి పని ఇస్తానన్నాడట కాంట్రాక్టరు. అమ్మాయి అప్పటికే అక్కడ రాతిపిండి బస్తాలు నింపే దగ్గర చేరింది. డ్యూటీకి బయల్దేరుతూ, మెడలో తువ్వాలతో, నా ముందు ఆగింది.

"సార్, మూతికి గుడ్డ కట్టుకుంటే దుమ్ము లోపలికి పోదు కద?"

తరగతిలో అడిగినట్టే అడిగింది. ప్రాణం తీసే దుమ్ము కంటికి కూడా కనబడదని, ఏ తువ్వాలా దాన్ని ఆపలేదని నాకు తెలుసు.

పోదమ్మా, రెండు మడతలేసి కట్టుకో అన్నాను.